చల్లని చేతుల ఊళ్లో ఒతీలియా

మా ఊళ్లో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్ల మొహం తర్వాత చూస్తారు. ముందు చెయ్యి పట్టుకుంటారు. కాబోయే అత్త ఆ పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని కాసేపు ఊరుకుంటుంది. చేతులు చల్లగా ఉంటే పిల్ల చీజ్ గదిలోకి వెళ్తుంది. వెచ్చగా ఉంటే రొట్టెల పొయ్యి దగ్గరికి వెళ్తుంది. అందం, చదువు, వంశం, మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.

ఇది మూఢనమ్మకం కాదు. గొర్రెపాలలో ఎండు ముళ్లపువ్వు నానబెట్టిన నీళ్లు పోస్తే పాలు విరుగుతాయి. ఆ విరిగిన ముద్దను చేత్తో అదిమి అదిమి నీరు తీయాలి. వెచ్చని చెయ్యి తగిలిందంటే అందులోని వెన్న కరిగి, నీళ్లతో పాటే పోతుంది. మిగిలేది పిప్పి. అందుకే మా సెర్రా ద ఎస్త్రెలా కొండల్లో చేతులు చల్లగా ఉన్న ఆడదానికి ఉన్న గౌరవం ఊరిపెద్దకు కూడా ఉండదు. నేను వైన్ చేసేవాణ్ణి, జసింతో అంటారు నన్ను. నా చేతులు ఎలా ఉన్నా ఎవరికీ పట్టదు గనక ఈ సంగతి కాస్త నిష్పక్షపాతంగా చెప్పగలను.

మా ఊరు లజేడా మొత్తానికి చల్లని చేతులు ఫెలిస్బేలావి. మా పక్కిల్లే. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఇటువైపు నా వైన్ పీపాలు, అటువైపు వాళ్ల రొట్టెల పొయ్యి. ఆవిడ చెయ్యి తగిలితే ఆగస్టులో కూడా ఒళ్లు ఝల్లుమనేది. హస్తవాసి అంటే ఆవిడదే. మనసు కూడా అలాగే మంచుగడ్డ అని గిట్టనివాళ్లు అనేవారు. నాకు గిట్టనిదేం కాదు, అయినా అనేవాణ్ణి.

ఆవిడ కొడుకు అబీలియో నోట్లో నాలుక లేనివాడు. గొర్రెలతో తప్ప ఎవరితోనూ మాట్లాడడు. అలాంటివాడు కింద లోయలో ద్రాక్ష కోతలకు వెళ్లి, అక్కడ పళ్లు తొక్కుతున్న ఒతీలియాను చూసి, ఇంటికొచ్చి తల్లితో ఒక్క మాట చెప్పాడు. చేసుకుంటే ఆ పిల్లనే అన్నాడు. ఫెలిస్బేలా లోయకు దిగింది. పిల్ల చేతులు పట్టుకుంది. పట్టుకున్నంత వేగంగా వదిలేసింది.

“ఇది చెయ్యి కాదు, కుంపటి” అంది.

పెళ్లయితే జరిగింది. నోరులేనివాడు పట్టుపడితే వాణ్ణి కదిలించడం ఎవరి తరమూ కాదు. కానీ కోడలు గుమ్మంలో అడుగుపెట్టిన రోజే ఫెలిస్బేలా చీజ్ గది తాళంచెవి నడుముకు కట్టుకుంది. నువ్వు ఆ గది గడప తొక్కకూడదు, ముద్దే కాదు, పండుతున్న చీజ్ మీద కూడా చెయ్యి వెయ్యకూడదు అని నలుగురి ముందూ చెప్పింది. ఆ నలుగురిలో నేనొకణ్ణి. ఒతీలియా తలవంచుకోలేదు. సరే అత్తా అని, స్లీవులు పైకి మడిచి, నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఇక ఆ పొయ్యి సంగతి చెప్పాలి. ఒతీలియా వచ్చాక మా మధ్యగోడ ఏ రోజూ చల్లబడలేదు. ముదురు పసుపురంగులో పైన బీటలిచ్చిన మొక్కజొన్న రొట్టె, లోపల ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి. క్యాబేజీలాంటి కొలార్డ్ ఆకును దారపుపోగుల్లా తరిగి బంగాళదుంపతో కాచిన చారు. చీజ్ చేయగా మిగిలిన విరుగుడు నీళ్లను మళ్లీ కాస్తే పైకి తేలే తెల్లటి మీగడముద్ద, దాని మీద గుమ్మడికాయ పాకం. ఆ ఇంట్లోకి ఉప్పు అడగడానికి వెళ్లినవాడు భోంచేసి గానీ బయటికి వచ్చేవాడు కాదు. మా ఇంట్లో ఉప్పు ఎప్పుడూ అయిపోతూ ఉండేది.

అయినా ఆ పిల్ల కళ్లు మాత్రం చీజ్ గది తలుపు మీదే. ఒకసారి నాతో అంది, “బాబాయ్, రొట్టె నా చేత్తో చేశా, చారు నా చేత్తో చేశా. బల్ల మీద అందరూ మాట్లాడుకునే వస్తువు మాత్రం నాది కాదు. ఈ ఇంట్లో నేను ఇంకా చుట్టాన్నే.”

ఇప్పుడు గంట గురించి. ఉపవాసాలు మొదలయ్యే ముందు వచ్చే ఎంత్రూదు పండక్కి కొండకింద సంతలో చీజ్ పందెం జరుగుతుంది. ఒక్కో ఇల్లు ఒక్కో బల్ల వేస్తుంది. బల్ల మీద ఒక చీజ్, ఒక రొట్టె, ఒక వైన్. ముగ్గురు తీర్పరులు ఒక్కో బల్ల దగ్గర ఒక్క ముక్క తిని, ఒక్క గుక్క తాగి వెళ్తారు. గెలిచిన ఇంటికి పెద్ద ఇత్తడి గంట ఇస్తారు. ఏడాదంతా ఆ ఇంటి మందలో ముందు నడిచే గొర్రె మెడలో అది మోగుతూ ఉంటుంది. ఒకప్పుడు ఆ గంట ఫెలిస్బేలా ఇంటి నుంచి కదిలేది కాదు. తర్వాత ఎదుటి కొండ మీది సొవెరాల్ ఊరికి, పల్మీరా అనే ఆవిడ ఇంటికి పోయింది. పోయినది పోయినట్టే అక్కడే ఉండిపోయింది.

పల్మీరా ఊరుకునే మనిషి కాదు. కావాలనే తన మందను మా వైపు వాలుకు తోలించేది. పొద్దున్నే ఫెలిస్బేలా పాలు విరుస్తుంటే గంట ఖణఖణమంటూ వినిపించేది. ఆవిడ మూతి బిగించుకుని ముద్దను ఇంకా గట్టిగా అదిమేది. అత్త మీది కోపం దుత్త మీద అంటారు, ఇక్కడ అత్తగారి కోపమే దుత్త మీద. అయితే చీజ్‌లో ఏ లోపమూ లేదు. అదీ చిత్రం. గెలిచినప్పుడు ఎలా ఉందో ఓడినప్పుడూ అలాగే ఉంది. మరి ఎందుకు ఓడుతున్నామో ఆవిడకు అంతుపట్టలేదు. పాలు మారాయంది, గడ్డి మారిందంది, తీర్పరులకు పళ్లు ఊడిపోయాయంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఓటమికి కారణం తేలలేదు గానీ, ఇంకో సంగతి మధ్యగోడ దగ్గర తేలింది. ఒక చలికాలం సాయంత్రం ఒతీలియా నన్ను కేకేసింది. భోజనాల బల్ల మీద మిగిలిన చీజ్ ముక్కను పొయ్యి పక్క అరుగు మీద పెట్టి మరిచిపోయిందట. చూడు బాబాయ్ అంది. చల్లని రాతిగదిలోంచి తీసి అప్పటికప్పుడు కోస్తే మా చీజ్ గట్టిగా, కాస్త మొండిగా ఉంటుంది. మేమంతా పుట్టినప్పటి నుంచీ అలాగే తిన్నాం. చల్లని చేతులవాళ్ల ఊళ్లో చల్లదనం అంటేనే శుభ్రం, చల్లదనం అంటేనే మర్యాద. ఇదేమో లోపలంతా మెత్తబడి, కోసినచోట నెమ్మదిగా పొంగుతోంది. నోట్లో పెట్టుకున్నా. ముందు ఉప్పు, తర్వాత వెన్న, ఆ వెనక ముళ్లపువ్వు చిరుచేదు, చివర్లో కొండమీది తడిగడ్డి వాసన. ఇన్నేళ్లూ ఇవన్నీ ఎక్కడ దాక్కున్నాయో తెలియలేదు.

నేను గబగబా వెళ్లి నా ఎర్ర వైన్ తెచ్చాను. ఒతీలియా ఒక గుక్క తాగి, తల అడ్డంగా ఊపింది. రెండూ పోట్లాడుకుంటున్నాయి అంది. నాకు ఒళ్లు మండింది. మా నాన్న కాలం నుంచీ చీజ్ పక్కన నిలబడే వైన్ అది. అయినా కోపాన్ని దిగమింగి మళ్లీ తిని తాగి చూశాను. నిజమే. ఈ చీజ్ చల్లగా ఉన్నప్పుడు ఎర్ర వైన్ దాన్ని మోసేది. ఇప్పుడు అది నిద్రలేచింది, ఎర్ర వైన్ దాని గొంతు నొక్కుతోంది.

“తెల్లది పట్రా బాబాయ్” అంది.

తెల్ల వైన్ అంటే మా ఊళ్లో బాలింతలకు, జబ్బుమనుషులకు, చర్చిలో పూజకు. నేను ఇంటి అవసరానికి ఒక చిన్న పీపా చేసి మూలన పెట్టుకుంటాను, ఎవరికీ చెప్పను. సిగ్గుపడుతూనే తెచ్చాను. ఒతీలియా గ్లాసును కాసేపు అరచేతుల మధ్య పట్టుకుంది, తర్వాత తాగింది, తర్వాత నాకిచ్చింది. ఆ వైన్‌లోని పులుపు నాలుక మీది వెన్నను కడిగేసి, మళ్లీ ఇంకో ముక్క అడిగేలా చేసింది. ఆ ముక్క అయిపోయేదాకా ఇద్దరం పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. తిన్నాం, అంతే. అంత సంతోషంగా నేను ఎప్పుడూ తినలేదని ఇప్పటికీ చెప్పగలను.

మర్నాడే ఒతీలియా అత్తకు చెప్పింది. చీజ్‌ను పందేనికి చల్లగా తీసుకెళ్లొద్దు, కాస్త వెచ్చబడనిద్దాం, తెల్ల వైన్ పెడదాం అంది. ఫెలిస్బేలా వింటూ వింటూ నవ్వింది. ఆ నవ్వు కంటే తిట్టు నయం. కుంపటికి కనిపించేదల్లా కాలాల్సిందే అంది. రేపు గొర్రెలకు కూడా దుప్పట్లు కప్పుతావా అని కూడా అంది. చాలా ఏళ్లు ఆ మాట ఆ ఇంట్లో సామెతలా వాడారు. ఎవరైనా తలుపు తెరిస్తే, “ఒతీలియా, గొర్రెలకు చలేస్తోంది, కప్పావా దుప్పటి?” అనేవారు. ఆ పిల్ల నవ్వేసేది. ఆ నవ్వు వెనక ఎంత ఉందో గోడకవతల ఉన్న నాకు తెలుసు. గంట మాత్రం ఎదుటి కొండ మీద మోగుతూనే ఉంది.

ఆ తర్వాత మంచు గట్టిగా పడిన ఏడాది వచ్చింది. పందెం ముందురోజు ఫెలిస్బేలా పెరట్లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టుకట్టిన చేత్తో చీజ్ కోయడం కుదరదు. గొర్రెలు ఈనే రోజులు, అబీలియో మందను వదిలి రాలేడు. ఆవిడకు మిగిలింది కోడలే. ఈ మాట ఒప్పుకోవడానికి ఆవిడకు చెయ్యి విరిగినప్పటి కంటే ఎక్కువ నొప్పి కలిగిందని ఆ మొహం చూస్తేనే తెలిసింది. బల్ల దగ్గర కోయడం వరకే నీ పని, మిగతాసేపు చీజ్ చెక్కపెట్టెలోనే ఉంటుంది, చెయ్యి వేశావో ఊరుకోను అంది.

బండి నాది, తోలేవాణ్ణీ నేనే. తెల్లారకముందే ఒతీలియా నా దగ్గరికొచ్చి ఒక తెల్ల వైన్ సీసా కూడా పెట్టమంది. గడ్డి కింద దాచాను. ఫెలిస్బేలాకు భయపడని మగాడు మా ఊళ్లో పుట్టలేదు, నేను ఆ లెక్కలోకే వస్తాను. అయినా దాచాను.

సగం దారి దిగాక వెనక నుంచి ఫెలిస్బేలా గొంతు వినిపించింది.

“ఒళ్లో ఏంటే అది?”

“మీ చీజే అత్తా.”

వెనక్కి తిరిగి చూశాను. చెక్కపెట్టె ఖాళీగా ఉంది. ఒతీలియా శాలువా కింద, గుడ్డపట్టీ చుట్టిన ఆ గుండ్రటి చీజ్‌ను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతోనూ పొదివి పట్టుకుంది. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ అలాగే ఉందన్నమాట. ఫెలిస్బేలా లాక్కోబోయింది, కట్టుకట్టిన చెయ్యి సహకరించలేదు. బండి ఆపరా అంది నన్ను. ఆపాను. చుట్టూ మంచు, కాకి కూడా లేదు.

“ఏడాది కష్టం నాది. దాన్ని నీ కుంపట్లో పెట్టి కరిగిస్తున్నావు. కోయగానే చారులా పారుతుంది. నలుగురిలో పారితే నేను ఇంక తలెత్తుకోలేను, తెలుసా?”

“పారదు అత్తా.”

“పారితే?”

“పారితే ఇటు నుంచి ఇటే లోయలోకి, మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతా. మళ్లీ మీ గుమ్మం ఎక్కను. పారకపోతే మాత్రం ఆ గదిలోకి నన్ను రానివ్వాలి.”

అన్నంత పనీ చేసే పిల్ల. ఫెలిస్బేలా కూడా ఒక్క క్షణం ఆ మొహంలోకి చూసి, తర్వాత ఎదురుగా గుర్రం చెవుల వైపు చూసింది. అవునని అనలేదు, కాదని అనలేదు. పోనీరా అంది నాతో. నేను పోనిచ్చాను.

సంతలో చలి ఎముకల్లోకి దిగుతోంది. బల్లలన్నీ వరసగా వేశారు. మొదట్లోనే పల్మీరా బల్ల, పక్కన స్తంభానికి గంట వేలాడదీసి ఉంది, ఇది ఎలాగూ ఇంటికే వస్తుంది కదా అన్నట్టు. మా బల్ల దగ్గర ఒతీలియా రొట్టె పెట్టింది. ఫెలిస్బేలా ఎర్ర వైన్ పెట్టు అని కళ్లతో చెప్పింది. ఒతీలియా నా వైపు చూసింది. నేను గడ్డి కింది నుంచి తెల్లసీసా తీసి ఇచ్చేశాను. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. ఎవరమ్మా బాలింత అని ఒకడు అడిగాడు. ఫెలిస్బేలా మొహం పక్కకు తిప్పుకుంది.

తీర్పరుల్లో పెద్ద గౌదెన్సియో, మందుల షాపు ఆయన. ఆయన ముక్కు ఆయనకంటే ముందే బల్లల దగ్గరికి చేరుతుంది. వరసగా తింటూ వస్తున్నాడు. ప్రతి బల్ల దగ్గరా కత్తి గట్టిగా దిగుతోంది, ముక్క రాయిలా చెక్క మీద పడుతోంది, ఆయన చలికి బిగుసుకున్న పళ్లతో నములుతున్నాడు. మా బల్ల దగ్గర ఆగాడు. ఒతీలియా బొటనవేలితో చీజ్ పైతోలు మీద ఒకసారి నొక్కి చూసింది. కత్తి తీసుకుంది. ఊరంతా నన్నే చూస్తున్నట్టు నాకు చెమట పట్టింది, ఆ చలిలో.

కత్తి చప్పుడు లేకుండా దిగింది. ముక్క బయటికొచ్చి నిలబడింది. నిలబడి, నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగింది. కోసినచోట లేత పసుపు మెరుపుతో పొంగింది, అంచు దగ్గర ఆగింది. పారలేదు.

గౌదెన్సియో రొట్టె మీద పెట్టుకుని తిన్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఒతీలియా తెల్ల వైన్ గ్లాసును అరచేతుల్లో కాసేపు ఉంచి అందించింది. తాగాడు. మిగతా ఇద్దరూ తిన్నారు, తాగారు. తర్వాత గౌదెన్సియో, ఆ పందెంలో ఎవరూ ఎప్పుడూ చేయని పని చేశాడు. గ్లాసు మళ్లీ చాపి, ఇంకో ముక్క కోయమ్మా అన్నాడు. ఒక్కటే ముక్క అనే నియమం ఆయనే పెట్టాడు. రెండోది కూడా తిని, మూడో ముక్క పక్కనున్నవాడి చేతిలోంచి లాక్కున్నాడు.

ఇక జనం ఆగలేదు. మా బల్ల చుట్టూ మూగారు. బాలింత ఎవరని అడిగినవాడు గ్లాసు పట్టుకుని వరసలో నిలబడ్డాడు, నేను వాడికి ఆఖర్న పోశాను. చివరికి పల్మీరా కూడా వచ్చింది. ఆవిడ తినడం చూడాలని అందరూ దారిచ్చారు. నెమ్మదిగా నమిలింది. ఎంత చెడ్డా చీజ్ తెలిసిన మనిషి.

“ఇది ఫెలిస్బేలా చేసిందేనా?” అని అడిగింది.

“చేసింది మా అత్త” అంది ఒతీలియా. “లేపింది నేను.”

తీర్పు చెప్పేదాకా ఆగకుండా పల్మీరా తనే వెళ్లి స్తంభం మీంచి గంట విప్పి తెచ్చింది. గంటను చీజ్ చేసిన చేతికివ్వడం ఆనవాయితీ. ఫెలిస్బేలా ముందు పెట్టింది. ఇన్నేళ్లు ఆవిడ ఆ గంట కోసం ఎంత తపించిందో మా గోడకు తెలుసు. ఆవిడ మాత్రం చెయ్యి చాపలేదు. కట్టుకట్టిన చేతి వైపు చూసుకుంది. ఎడమచెయ్యి బాగానే ఉంది, అది కూడా చాపలేదు.

“దానికివ్వు” అంది, కోడలి వైపు గడ్డం చూపించి.

ఒతీలియా గంట అందుకుని ఒక్కసారి గట్టిగా ఊపింది. ఆ మోత సంతంతా వినిపించింది. నేనైతే టోపీ తీసి గాల్లోకి ఎగరేశాను, అది ఎవరి చీజ్ మీద పడిందో ఇప్పటికీ తెలియదు. ఆ మధ్యాహ్నం గౌదెన్సియో మేకపిల్ల వేపుడు పెట్టించాడు, నా ఎర్ర వైన్ దానికి పెట్టారు. దానికి మాత్రం ఎర్రదే సరి, ఒతీలియా కూడా ఒప్పుకుంది. తెల్ల పీపా గురించి ఆ రోజే ఊళ్లన్నిటికీ తెలిసిపోయింది, ఆ తర్వాత నేను ఎన్ని పీపాలు చేసినా చాల్లేదు.

తిరుగుప్రయాణంలో బండి గుంటల్లో పడ్డప్పుడల్లా అడుగున గంట మోగుతోంది. ఒతీలియా తాళంచెవి అడుగుతుందేమోనని చూశాను, అడగలేదు. ఎప్పుడూ అడిగే పిల్ల కాదు. మా ఊరి మలుపు దగ్గర ఫెలిస్బేలా నడుము తడుముకుని, ఒంటిచేత్తో తంటాలు పడి తాళంచెవి విప్పింది. కోడలి ఒళ్లో పడేసింది.

“పాలు నేను విరుస్తా. ముద్ద మాత్రం ముట్టుకోకు” అంది. “ఏది ఎప్పుడు లేచిందో, ఎప్పుడు తినాలో ఇకమీదట నువ్వు చెప్పు.”

బండి ఊగుతోంది. కాసేపటికి ఫెలిస్బేలా ఎడమచెయ్యి శాలువా కిందికి జరిగి, కోడలి చేతుల మధ్య దూరింది. పెళ్లిచూపుల నాడు పట్టుకుని వదిలేసిన ఆ చేతులే.

“చలేస్తోందే” అంది.

లజేడాలో ఆవిడ నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు.